ఏఐకి కరెంటు ఇద్దాం, గంట గంటకూ లెక్క అడుగుదాం

ఐదు హెచ్‌పీ మోటరు ఒక గంట నడిస్తే సుమారు 3.7 యూనిట్ల కరెంటు కాలుతుంది. యూనిట్ అంటే వెయ్యి వాట్ అవర్లు. జెమినీలో ఒక మామూలు ప్రశ్నకు పట్టేది 0.24 వాట్ అవర్ అని గూగుల్ 2025 ఆగస్టులో లెక్క బయటపెట్టింది. అంటే మన బావి దగ్గర మోటరు గంటలో తాగే కరెంటుతో పదిహేను వేల ప్రశ్నలకు జవాబులొస్తాయి. చాట్‌జీపీటీకి దాని కంపెనీ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ చెప్పిన అంకె 0.34 వాట్ అవర్. అదీ ఏమంత పెద్ద తేడా కాదు.

హనుమకొండలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. ఈ మధ్య క్లాసులో ఎవరో ఒకరు లేచి, "సార్, ఏఐ వల్ల కరెంటంతా అయిపోతదంట కదా, వాడొద్దా మరి?" అని అడుగుతున్నారు. వాడుకోమనే చెబుతాను. ఫోను పట్టుకున్న పిల్లవాడి మీద పాపం మోపే వాదనలో పస లేదు. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఆ కరెంటు ఏ గంటలో వాడుతున్నారు? ఆ గంటలో అది ఎక్కడ, దేనితో తయారవుతోంది? దాని కోసం వేసిన లైన్లకూ కట్టిన ప్లాంట్లకూ బిల్లు ఎవరు కడుతున్నారు? వీటికి జవాబు చెప్పాల్సింది కనెక్షన్ కోసం దరఖాస్తు పెట్టుకున్న కంపెనీ, దాని మీద సంతకం చేసే ప్రభుత్వం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏఐని నడిపే సర్వర్లుండేది డేటా సెంటర్లలో. పెద్ద డేటా సెంటర్‌కు హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఇచ్చే కాగితం మీదే షరతులు రాసి ఉండాలి. వాడే కరెంటుకు గంట గంటకూ సరిపడా కొత్త క్లీన్ పవర్ వాళ్ళే తెచ్చుకోవాలి, ఆ లెక్క అందరికీ కనపడాలి, గ్రిడ్ మీద ఒత్తిడి పెరిగిన గంటల్లో తగ్గమంటే తగ్గాలి. ఇవన్నీ కనెక్షన్‌కు ముందే జరగాలి. ఇచ్చేశాక పెట్టే నిబంధనలు ఎట్లా నీరుగారిపోతాయో థర్మల్ ప్లాంట్ల మధ్య బతుకుతున్న ఉత్తర తెలంగాణ వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ముందు ఈ లోడు ఎంతో చూద్దాం. ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిసి 2024లో 415 టెరావాట్ అవర్లు, అంటే 41,500 కోట్ల యూనిట్లు వాడాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ (ఐఈఏ) అంచనా. ప్రపంచ వాడకంలో అది ఒకటిన్నర శాతమే. కానీ 2030 నాటికి ఇది 94,500 కోట్ల యూనిట్లకు చేరుతుందని అదే సంస్థ చెబుతోంది. జపాన్ దేశం మొత్తం ఇవాళ వాడుతున్న కరెంటు కన్నా అది కొంచెం ఎక్కువే. ఆ పెరుగుదలకు ప్రధాన కారణం ఏఐ.

ఒకటిన్నర శాతం అనే మాట విని ఊరుకోవడానికి లేదు, ఎందుకంటే ఈ లోడు దేశమంతా సమానంగా పరుచుకోదు. కేబుళ్ళు, భూమి, రాయితీలు ఎక్కడ కుదిరితే అక్కడ గుంపుగా దిగుతుంది. ఐర్లండ్‌లో 2015లో మీటరైన కరెంటులో 5 శాతం డేటా సెంటర్లది. 2024కి అది 22 శాతమైంది. డబ్లిన్ చుట్టుపక్కల కొత్తవాటికి కనెక్షన్ ఇవ్వలేమని అక్కడి గ్రిడ్ సంస్థ చేతులెత్తేసింది.

మన దగ్గర ఆ గుంపు హైదరాబాద్ చుట్టూ చేరుతోంది. మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో 15 వేల కోట్ల పెట్టుబడి ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో అమెజాన్ తన హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) తెరిచింది. 2025 జనవరిలో దావోస్‌లో మరో 60 వేల కోట్లు పెడతానంది. అక్కడే డేటా సెంటర్ల కంపెనీ కంట్రోల్‌ఎస్ 400 మెగావాట్ల ఏఐ డేటా సెంటర్ క్లస్టర్‌కు ఒప్పందం రాసుకుంది. అక్టోబరు వచ్చేసరికి విశాఖలో గూగుల్ ఒక గిగావాట్ (వెయ్యి మెగావాట్లు) అంది. పేపర్లో కోట్లు పెద్దక్షరాల్లో వస్తాయి, మెగావాట్లు ఎక్కడో లోపలి పేరాలో ఉంటాయి. చదవాల్సింది ఆ లోపలి పేరానే.

400 మెగావాట్లంటే ఎంత? పూర్తి లోడు మీద నడిస్తే, ఐదు హెచ్‌పీ మోటర్లు లక్షకు పైగా ఒకేసారి వేసినంత. మోటర్లైతే నాట్లప్పుడు నడుస్తాయి, కోతలకు ఆగుతాయి, వాన పడితే ఆగుతాయి. ఈ లోడుకు రాత్రీ పగలూ లేదు, వానాకాలం యాసంగి తేడా లేదు. మామూలు సర్వర్ ర్యాకు ఒకటి ఐదు పది కిలోవాట్లు తీసుకుంటే, ఎన్విడియా 72 చిప్పులతో తెచ్చిన కొత్త ర్యాకు ఒక్కటే దాదాపు 120 కిలోవాట్లు లాగుతుంది. ఒక బీరువా అంత పెట్టె, ముప్పైకి పైగా వ్యవసాయ మోటర్లంత లోడు. ఆ వేడికి గాలి సరిపోక చిప్పుల మీదికే పైపుల్లో ద్రవం పంపిస్తున్నారు.

మా పాత స్టూడెంట్ ఒకడు హైదరాబాద్ శివార్లలో ఒక డేటా సెంటర్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాడు. దసరాకు వచ్చినప్పుడు ఇంటికి వచ్చాడు. మాటల్లో అన్నాడు: "సార్, మా దగ్గర కరెంటు పోవుడనేదే లేదు. గ్రిడ్ పోతే మాకు అలారం మోగుతది గానీ సర్వర్లకు తెల్వది. యూపీఎస్ పట్టుకుంటది, ఆ వెంటనే జనరేటర్లు లేస్తయ్."

మరి లోడు తగ్గించమంటే తగ్గించగలరా అని అడిగాను. కొంచెం ఆలోచించి చెప్పాడు. "అన్నీ ఆపలేం సార్. బ్యాంకులవి, పేమెంట్లవి ముట్టుకోరాదు. మోడల్ ట్రెయినింగ్ లాంటివైతే రెండు గంటలు ఆగితే కొంపలేం మునగవు. కస్టమర్ ఒప్పుకోవాలె, కాంట్రాక్టుల రాసుండాలె, గంతే."

నా వాదనకు ఆధారం ఈ మాటలోనే ఉంది. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. అంతకుముందు, ఆ కరెంటు ఎక్కడి నుంచి పోతోందో చూడాలి.

రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు. దాని పక్కనే తెలంగాణ సూపర్ థర్మల్ మొదటి దశ 1,600. జైపూర్‌లో సింగరేణి ప్లాంటు 1,200. భూపాలపల్లి చెల్పూరులో కాకతీయ థర్మల్ 1,100. గోదావరి వైపు ఆ కొస నుంచి ఈ కొస దాకా ఆరున్నర వేల మెగావాట్ల బొగ్గు. రామగుండంలో తయారైన కరెంటు దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పోతుంది, హైదరాబాద్‌కే పోతుందని నేననడం లేదు. గ్రిడ్‌లో పడ్డాక ఏ యూనిట్ ఎవరిదో ఎవరూ చెప్పలేరు. కానీ రాత్రి పదింటికి కొత్తగా ఒక వంద మెగావాట్ల లోడు ఎక్కితే, ఆ గంటలో పైకి లేచేది ఎక్కువగా బొగ్గు యూనిట్లే. ఇందులో దాపరికమేమీ లేదు, గ్రిడ్ నడిచే తీరే అది.

ఒక గిగావాట్ లోడు నిండుగా నడిస్తే రోజుకు 2.4 కోట్ల యూనిట్లు. మన బొగ్గుతో యూనిట్‌కు ఆరేడు వందల గ్రాములు కాల్చాలి. అదంతా బొగ్గు మీదే పడితే రోజుకు పదిహేను వేల టన్నుల బొగ్గు. మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే కనుక రోజుకు ఐదు వేల టన్నుల బూడిద. పాతిక టన్నుల లారీలు రెండు వందలు, రోజూ. ఒక్క రోజూ ఇంత అధ్వాన్నంగా ఉండదు, పగలు సోలార్ కొంత మోస్తుంది. అయినా ఏ దిక్కున ఎంత బరువు పడుతుందో తెలియడానికి ఈ లెక్క వేసుకోవాలి.

మా పెద్దక్కను ఇచ్చింది మా వైపే ఒక థర్మల్ స్టేషన్ దగ్గరి ఊరికి. ఆమె ఇంట్లో దండెం మీది బట్టలు తీస్తే ముందు దులపాలి, తర్వాతే మడత పెట్టాలి. మిద్దె మీద ఆరబోసిన మిరపకాయల మీద వేలు రాస్తే వేలికి బూడిద అంటుతుంది. పత్తి ఏరే రోజుల్లో గాలి ఇటు తిరిగితే పత్తి రంగు మారిందని బేరగాడు రేటు తగ్గిస్తాడు. ప్లాంటు మూసేయమని ఆమె ఎప్పుడూ అనలేదు. బావ అందులోనే కాంట్రాక్టు మీద పనిచేశాడు. "బొగ్గు మాకు, బుగ్గలు (బల్బులు) పట్నానికి" అంటుంది, అంతే.

ఇక్కడే కంపెనీల లెక్క గురించి చెప్పాలి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. పెద్ద కంపెనీల వార్షిక నివేదిక తెరిస్తే "మా వాడకానికి 100 శాతం పునరుత్పాదక ఇంధనంతో సరిపోల్చాం" అనే వాక్యం కనిపిస్తుంది. అబద్ధం కాదు. ఏడాదిలో వాడిన యూనిట్లు మొత్తం కూడారు, అన్నే యూనిట్ల సోలారో విండో ఎక్కడో కొన్నారు, రెండూ సరిపోయాయి. కానీ ఆ సోలార్ రాజస్థాన్‌లో మధ్యాహ్నం పన్నెండింటికి పుట్టింది. సర్వర్ రాత్రి పన్నెండింటికి హైదరాబాద్ శివార్లలో నడిచింది. ఆ రాత్రి కాలింది సింగరేణి బొగ్గు. కాగితం మీద ఏడాది లెక్క సున్నా, మా అక్క మిద్దె మీద మాత్రం బూడిద పేరుకుంటూనే ఉంది.

గంట గంటకూ లెక్క అడగడం నా బుర్రలో పుట్టిన విపరీతమేమీ కాదు. 2030 కల్లా ప్రతి గంటా, ప్రతి చోటా కార్బన్ లేని కరెంటుతోనే నడుస్తామని 2020లో గూగులే లక్ష్యం పెట్టుకుంది. 2023లో ప్రపంచవ్యాప్తంగా ఆ కొలత 64 శాతం దగ్గర ఉందని తనే చెప్పింది. ఏడాది లెక్కలో నూరు, గంట లెక్కలో 64. ఆ మధ్య మిగిలిన ముప్పై ఆరూ ఎక్కడో ఒకచోట బొగ్గో గ్యాసో కాల్చి తెచ్చినవే. అదే సంస్థ మొత్తం ఉద్గారాలు 2019తో పోలిస్తే 2023కి 48 శాతం పెరిగాయి. మైక్రోసాఫ్ట్‌వి 2020తో పోలిస్తే 2023కి 29 శాతం పెరిగాయి. లక్ష్యాలు పెట్టుకున్నవాళ్ళే, డబ్బుకు కొదవ లేనివాళ్ళే, ఏఐ పరుగు మొదలయ్యేసరికి తప్పారు. స్వచ్ఛందంగా చేస్తారులే అని వదిలేస్తే ఎక్కడ ఆగుతుందో ఈ అంకెలే చెబుతున్నాయి.

దేశం లక్ష్యాలూ ఇదే చిక్కులో ఉన్నాయి. 2025 జూన్ నాటికి మన స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర ఇంధనాలకు చేరింది. 2030కి అనుకున్నది ఐదేళ్ళు ముందే సాధించాం. నిజంగా గర్వపడాల్సిన విషయం. కానీ సామర్థ్యం వేరు, యూనిట్లు వేరు. 2024-25లో తయారైన కరెంటులో నూటికి డెబ్బై పైన బొగ్గుదే, ఎందుకంటే సూర్యుడు సాయంత్రం ఆరింటికి పోతాడు. తెలంగాణ కూడా 2025 క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీలో 2030 కల్లా మరో 20 వేల మెగావాట్లు తెస్తానంది. ఆ కొత్త క్లీన్ పవర్ పాత బొగ్గును పక్కకు నెట్టడానికి వాడతామా, లేక కొత్తగా వచ్చే సర్వర్లకే అది కాస్తా సరిపోయి, బొగ్గు ఉన్నచోటే ఉంటుందా? డేటా సెంటర్ పాలసీ ఒక శాఖ దగ్గర, ఇంధన పాలసీ ఇంకో శాఖ దగ్గర ఉంటే ఈ ప్రశ్న ఎవరి టేబుల్ మీదికీ రాదు.

చట్టంలో ఖాళీ ఎక్కడుందో చెబుతాను. ఇంధన పొదుపు చట్టానికి 2022లో సవరణ తెచ్చి, ఎవరు ఎంత పునరుత్పాదక ఇంధనం వాడాలో కేంద్రం నిర్ణయించింది. 2024-25కి 29.91 శాతం, 2029-30కి 43.33 శాతం. ఈ బాధ్యత డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) మీద, ఓపెన్ యాక్సెస్‌లో, అంటే డిస్కంతో పని లేకుండా బయట నేరుగా కొనేవాళ్ళ మీద, సొంత ప్లాంట్లున్నవాళ్ళ మీద ఉంది. డేటా సెంటర్ డిస్కం దగ్గరే కరెంటు కొంటే ఆ భారం డిస్కంది, అంటే మనందరిదీ. పైగా ఆ శాతాలు కూడా ఏడాది లెక్కే. ఇంకోపక్క, 5 మెగావాట్లు దాటిన డేటా సెంటర్లకు కేంద్రం 2022లోనే మౌలిక వసతుల హోదా ఇచ్చింది. దాంతో అప్పులు సులువుగా, చవకగా పుడతాయి. హోదా ఇవ్వడానికి 5 మెగావాట్ల దగ్గర గీత గీయగలిగినప్పుడు, షరతు పెట్టడానికీ అదే గీత చాలు. వరంగల్ నిట్‌లో నాలుగు జీపీయూలు (ఏఐ చిప్పులు) పెట్టుకుని ప్రాజెక్టు చేసే పిల్లలకు, మడికొండలో చిన్న ఆఫీసు నడిపేవాళ్ళకు దీనితో సంబంధం ఉండదు.

బయట దేశాల్లో ఇది మొదలైపోయింది. యూరప్‌లో 500 కిలోవాట్లు దాటిన ప్రతి డేటా సెంటర్ తన కరెంటు, నీళ్ళ లెక్క ఏటా ఇవ్వాలి. యూరప్ ఏఐ చట్టం ప్రకారం పెద్ద మోడళ్ళు తయారుచేసేవాళ్ళు దానికి పట్టిన కరెంటెంతో రాసి ఉంచాలి. జర్మనీలో 2026 జూలై నుంచి నడక మొదలుపెట్టేవాటికి పీయూఈ 1.2 దాటకూడదని చట్టం చేశారు. సర్వర్‌కు ఒక యూనిట్ ఇస్తే చల్లబరచడం వగైరాలకు అదనంగా 0.2 మించి పోకూడదన్నమాట. మన ఎండలకు అది కష్టం, పైగా ఆ కొలత బొగ్గా సోలారా అన్నది చెప్పదు. అందుకే నేను దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోను. నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది టెక్సస్. వ్యాపారానికి అడ్డు చెప్పని రాష్ట్రంగా పేరు. అక్కడే 2025లో చట్టం తెచ్చారు. 75 మెగావాట్లు, ఆపైన ఉన్న కొత్త లోడ్లు గ్రిడ్ ఆపదలో ఉన్నప్పుడు తగ్గాల్సిందే.

ఇప్పుడు మా స్టూడెంట్ మాట దగ్గరికి వస్తాను. లోడు తగ్గించడమంటే ఏంటో ఈ ప్రాంతంలో రైతుకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. 2018 జనవరిలో 24 గంటల కరెంటు వచ్చేదాకా గ్రిడ్ కోసం తగ్గింది రైతే. మాది పరకాల అవతల పల్లె. రాత్రి వంతు వచ్చిన వారం బాపు ఒంటిగంటకే లేచి బ్యాటరీ లైటు, కర్ర పట్టుకుని పొలానికి పోయేవాడు. రెండింటికి వస్తుందన్న కరెంటు ఒక్కోసారి మూడింటికి వచ్చేది, అదీ లో వోల్టేజీతో. అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకునేవాళ్ళు కనుక కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారే లేచేవి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. దాన్ని ట్రాక్టర్ మీద వేసుకుని రిపేరుకు తీసుకుపోవడానికి తలా ఇంత చందా. ఆ రోజుల్లో రాత్రిపూట మోటరు దగ్గర పాము కరిచో షాక్ కొట్టో పోయినవాళ్ళు లేని ఊరు మా చుట్టుపక్కల లేదు.

గ్రిడ్‌ను నిలబెట్టడానికి మనుషులను రాత్రి లేపిన రాష్ట్రం, ఒక మోడల్ ట్రెయినింగ్‌ను రెండు గంటలు వాయిదా వేసుకొమ్మని అడగలేదా? సాంకేతికంగా ఇది సాధ్యమేనని కంపెనీలే ఒప్పుకున్నాయి. 2025 ఆగస్టులో గూగుల్ అమెరికాలో రెండు విద్యుత్ సంస్థలతో ఇలాంటి ఒప్పందమే చేసుకుంది. గ్రిడ్ మీద ఒత్తిడి ఉన్నప్పుడు మెషిన్ లర్నింగ్ పనులను తగ్గిస్తానంది. ఏడాదిలో పావు శాతం మేర తగ్గడానికి పెద్ద లోడ్లు ఒప్పుకుంటే, ఉన్న ప్లాంట్లతోనే అమెరికా గ్రిడ్ 76 గిగావాట్ల కొత్త లోడును మోయగలదని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు అదే ఏడాది లెక్క కట్టారు. బ్యాంకు సర్వర్లను, ఆసుపత్రుల సర్వర్లను ఆపమని ఎవరూ అనడం లేదు. ఆగగలిగింది ఆగాలి, ఆగుతుందని కనెక్షన్ కాగితంలో రాసివ్వాలి. ఆ సమయంలో డీజిల్ జనరేటర్లు వేసి తప్పించుకోకూడదనీ రాయాలి.

మన దగ్గర ఆ గంటలు ఎప్పుడో కూడా తెలుసు. యాసంగి వరి పొట్ట మీదున్న మార్చిలో రాష్ట్ర డిమాండు ఆకాశానికి పోతుంది. 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటింది. ఆ నెలలో పొద్దుగూకాక, ఏసీలన్నీ నడిచే వేళ, డిస్కంలు కరెంటు ఎక్స్ఛేంజీలో ఎక్కువ రేటు పెట్టి కొంటాయి. ఆ కొన్న రేటు తర్వాత ఏదో ఒక రూపంలో అందరి బిల్లుల్లోకి వస్తుంది.

బిల్లు మాట వచ్చింది కనుక నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టే సంగతి చెబుతాను. విభజన చట్టంలో తెలంగాణకు 4,000 మెగావాట్ల ఎన్టీపీసీ ప్లాంటు రాసి ఉంది. 1,600 వచ్చింది, మిగతా 2,400 రెండో దశ. డేటా సెంటర్లు వస్తున్నాయి, డిమాండు పెరుగుతోంది అనే అంచనాతో ఇలాంటి వాటికి పాతికేళ్ళ ఒప్పందాలు రాసుకుంటే, కరెంటు తీసుకున్నా తీసుకోకున్నా ఫిక్స్‌డ్ చార్జీలు కట్టాలి. రేపు ఆ డేటా సెంటర్ కంపెనీ ఓపెన్ యాక్సెస్‌లో చవక సోలార్ కొనుక్కుంటానంటే చట్టం ఒప్పుకుంటుంది. సగం కట్టి ఆగిపోతానన్నా ఆపేవాళ్ళు లేరు. మిగిలిన ఫిక్స్‌డ్ చార్జీ ఎవరు కడతారు? రాష్ట్రం ఒప్పందాల కరెంటును ఇన్నాళ్ళుగా దక్షిణ డిస్కంకు 70.55 శాతం, ఉత్తర డిస్కంకు 29.45 శాతం చొప్పున పంచుతూ వచ్చింది. డేటా సెంటర్లున్నది దక్షిణంలో. వాటిని నమ్ముకుని రాసుకున్న ఒప్పందం తేడా కొడితే అందులో 29 శాతం హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ ఖాతాలో పడుతుంది. ఛత్తీస్‌గఢ్ కరెంటు కొనుగోలు, భద్రాద్రి, యాదాద్రి థర్మల్ ప్లాంట్ల నిర్ణయాల మీద 2024లో విచారణ కమిషన్ వేసుకున్న రాష్ట్రం మనది. ఆ కమిషన్ మంచీచెడ్డల జోలికి నేను పోను. పాతికేళ్ళ సంతకాలను తర్వాత తవ్వుకోవడం ఎంత కష్టమో మాత్రం చూశాం.

షరతులు తర్వాత పెట్టుకోవచ్చు, ముందు పెట్టుబడి రానిద్దాం అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో నా మిత్రులూ ఉన్నారు. థర్మల్ ప్లాంట్లు సల్ఫర్ వాయువు తగ్గించుకోవాలని కేంద్రం 2015లో నిబంధన పెట్టింది. గడువు ఒకసారి జరిపారు, మళ్ళీ జరిపారు, చివరికి 2025 జూలైలో చాలా ప్లాంట్లకు ఆ పరికరమే అక్కర్లేదన్నారు. ప్లాంటు లేచాక, అందులో వేలమంది పనిచేస్తున్నాక, రాష్ట్రమంతా దాని కరెంటు మీద ఆధారపడ్డాక దాన్ని ఎవరూ కదిలించలేరు. డేటా సెంటరూ అంతే. ఆసుపత్రి రికార్డులు, బ్యాంకు ఖాతాలు, సర్కారు ఫైళ్ళు అందులోకి చేరాక "నిబంధన పాటించకుంటే కరెంటు కట్ చేస్తాం" అని ఏ అధికారీ అనలేడు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టినవాళ్ళు కట్ట పోస్తున్నప్పుడే తూము పెట్టారు. నిండిన చెరువుకు తూము తొలవడం ఎవరి తరమూ కాదు.

షరతులు పెడితే విశాఖకో చెన్నైకో ముంబయికో పోతారనే భయం ఉత్తదేమీ కాదు. రాష్ట్రాలు ఒకదాన్ని మించి ఒకటి రాయితీలిస్తున్న మాట నిజం. అందుకే గంట లెక్క, బహిరంగ మీటరు అనే రెండూ కేంద్ర స్థాయిలో, దేశమంతటికీ ఒకేలా ఉండాలి. ఇంధన సామర్థ్య బ్యూరో ఫ్రిజ్‌కూ ఏసీకీ స్టార్లు వేయగలిగింది, దీనికీ వేయగలదు. 2024లో కేంద్రం ఇండియా ఏఐ మిషన్‌కు పది వేల కోట్లకు పైగా ఇచ్చింది. ఆ డబ్బుతో నడిచే జీపీయూల నుంచే మొదలుపెట్టొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కేంద్రం కదిలేదాకా తెలంగాణ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పనీ లేదు. సింగపూర్ 2019లో కొత్త డేటా సెంటర్లను ఆపేసి, 2022లో కఠినమైన సామర్థ్య షరతులతో మళ్ళీ తలుపు తెరిస్తే కంపెనీలు వరుస కట్టాయి. వాళ్ళకు కావాల్సింది నమ్మకమైన కరెంటు, మారని నిబంధనలు. మొదటి రోజే స్పష్టంగా చెప్పిన షరతు వాళ్ళకూ నయమే.

ఏఐ వల్ల కరెంటు ఆదా కూడా అవుతుందనే మాటనూ ఒప్పుకుంటాను. 2016లో తన ఏఐ సంస్థ డీప్‌మైండ్ ప్రోగ్రామ్‌తో గూగుల్ తన డేటా సెంటర్లలో చల్లబరచడానికి వాడే కరెంటును 40 శాతం దాకా తగ్గించింది. రేపటి ఎండ, గాలి, డిమాండు ముందే అంచనా కట్టడానికి మన లోడ్ డిస్పాచ్ సెంటర్లకు ఇది నిజంగా పనికొస్తుంది. మా పిల్లలతో ఇలాంటి ప్రాజెక్టులే చేయిస్తున్నాను. అందుకే నాకు ఏఐ మీద కోపం లేదు. ఆదా చేసే వస్తువైనా తను తిన్నదానికి లెక్క చెప్పాల్సిందే.

ఈ షరతులతో ఉత్తర తెలంగాణకు ఒక మేలూ ఉంది. రాత్రికి కూడా క్లీన్ పవర్ కావాలంటే పగటి సోలార్‌ను దాచుకోవాలి. దాచుకోవడానికి కావాల్సిన నీళ్ళు, ఎత్తుపల్లాలు, లైన్లు, పనిమంతులు అన్నీ ఇక్కడ ఉన్నాయి. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 500 ఎకరాల్లో 100 మెగావాట్ల తేలియాడే సోలార్ 2022లో పూర్తయింది. అప్పటికి దేశంలో అదే పెద్దది. బొగ్గు తీసేసిన మేడిపల్లి ఓపెన్‌కాస్టు గుంతలో పంప్డ్ స్టోరేజీ పెట్టాలని సింగరేణి ఆలోచిస్తోంది. పగలు నీటిని పైకి ఎక్కించి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీయడం. ఇవి కాగితాల మీద నెమ్మదిగా నడుస్తున్నాయి, ఎందుకంటే రాత్రి క్లీన్ కరెంటుకు ఎక్కువ ధర పెట్టి, పదేళ్ళ ఒప్పందంతో కొనేవాడు లేడు. గంట లెక్క తప్పనిసరి చేస్తే ఆ కొనేవాడు దొరుకుతాడు. దేశంలో అందరికన్నా డబ్బున్న కొనుగోలుదారుడే దొరుకుతాడు. గనులు మూతపడుతున్న గోదావరిఖనిలో, బెల్లంపల్లిలో ఇంజినీరింగ్, ఐటీఐ చదివిన పిల్లలకు ఈ ప్లాంట్లలో పని ఉంటుంది. మొత్తం సర్వర్లే ఉండే భవనంలో అంత పని ఉండదు.

డిస్కంలు ఏటా తమ ఆదాయ వ్యయాల అంచనాను, ఏఆర్‌ఆర్ అంటారు, విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) ముందు పెడతాయి. దాని మీద ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు, తెలుగులోనే రాయొచ్చు, బహిరంగ విచారణలో నిలబడి అడగొచ్చు. రైతు సంఘాలవాళ్ళు ఏళ్ళుగా వచ్చి అడుగుతున్నారు. ఈసారి నేను రాసి ఇవ్వబోయే కాగితంలో నాలుగు ప్రశ్నలున్నాయి, ఎవరికైనా పనికొస్తే తీసుకోండి. రాబోయే ఐదేళ్ళలో 5 మెగావాట్లు దాటిన డేటా సెంటర్లకు ఎన్ని మెగావాట్లు ఒప్పుకున్నారు, ఎవరెవరికి? ఆ డిమాండును లెక్కలోకి తీసుకుని ఏయే థర్మల్ ఒప్పందాలు ప్రతిపాదిస్తున్నారు, ఆ కంపెనీలు ముందే వెళ్ళిపోతే ఫిక్స్‌డ్ చార్జీలకు వాళ్ళ నుంచి ఏం హామీ తీసుకున్నారు? వాళ్ళ గంటవారీ వాడకాన్ని, ఆ గంటల్లో కొన్న కరెంటు వివరాలను వెబ్‌సైట్లో పెట్టడానికి డిస్కంకు ఉన్న అభ్యంతరం ఏమిటి? మార్చి సాయంత్రాల్లో గ్రిడ్ ఇబ్బందిలో పడితే ముందు తగ్గేది ఎవరు, సర్వర్లా, పొలాల ఫీడర్లా? ఆ వరుస రాసి ఉన్న ఉత్తర్వు నకలు ఇప్పించగలరా?